కాలు చెప్పిన సాక్ష్యం

బెంచీ మీద జాగాకేం తక్కువ? ఈ కొసన లసుమవ్వ కూర్చుంటే ఆ కొసన కూర్చోవచ్చు, గోడ వెంబడి ప్లాస్టిక్ కుర్చీలు కూడా ఖాళీగానే పడి ఉన్నాయి, అయినా ఆ రత్నవ్వ వచ్చి సరిగ్గా పక్కనే కూలబడింది, మోచెయ్యి మోచేతికి తగిలేటంత దగ్గరగా. ఆర్మూర్‌లో ఇన్ని దవాఖానలు, ఒక్కో దవాఖానలో ఇన్ని బెంచీలు, దీనికి కూసుండను నా పక్కనే దొరికిందా అని లసుమవ్వ పళ్లు నూరింది. జరుగుదామంటే జరగొచ్చు. జరిగితే తానే జంకినట్టవుతుంది. ఆ ఇంటికి పెద్దకోడలు తాను, మరిది పెండ్లానికి చోటిచ్చి జరగాల్సిన అక్కర తనకేం పట్టింది? కొంగు మాత్రం ఇవతలికి లాక్కుని మడిచి ఒళ్లో పెట్టుకుంది, యారాలి చీర అంచు తగలకుండా. కుడికాలిని చెప్పులోంచి తీసి చల్లటి బండ మీద పెట్టింది. బొటనవేలి మొదట్లో నిమ్మకాయంత బొడిపె ఎర్రగా నిగనిగలాడుతోంది, వేలేమో పక్కవేలి మీదికి ఎక్కి కూర్చుంది. పొద్దున్నుంచి నడవకపోయినా సలపరం ఆగలేదు.

అసలు దీన్ని రమ్మన్నదెవరు? కోడలు రజని, ఇంకెవరు. అంగన్‌వాడీ టీచరమ్మ కదా, పిల్లలకు పాటలు చెప్పినట్టు ఇంట్లో వాళ్లకు కూడా చెప్తుంది. నెలన్నర సెలవు నాకెవరిస్తరు అత్తమ్మా, గోడకవతల చిన్నత్తమ్మ ఉన్నది గదా అని తానే పోయి అడిగి వచ్చింది. అడగగానే ఒప్పుకుందట. ఎందుకొప్పుకోదు, ఒప్పుకోకుంటే ఊళ్లో మంచిపేరు ఎట్లా పెరుగుతుంది? పొద్దున ఏర్గట్ల నుంచి వచ్చే ఆటోలో డ్రైవర్ పక్కన సగం పిర్ర మీద కూర్చుని, ఒక కాలు బయటికి వేలాడేసుకుని, దారి పొడుగునా నోరు తెరవకుండా వచ్చింది. ఆ వేలాడే కాలిని చూస్తూనే లసుమవ్వ ఆర్మూర్ దాకా వచ్చింది. పాదం అడుగంతా పసుపు పట్టి ఉంది, మడమ పగుళ్లలో ముదురు రంగు, వేళ్లు అయిదూ చక్కగా వరసలో. ఆ పసుపు తన కల్లం పసుపే. నిన్న సాయంత్రం దాకా తిరగేసి వచ్చింది. కాళ్లు కడుక్కుని రావొచ్చు కదా పట్నానికి? కడుక్కోదు. అందరూ చూడాలి.

ఇప్పుడు రజని రక్తం రిపోర్టు కోసం బస్టాండు పక్క ల్యాబుకు పోయింది. గంటకు గానీ రాదు. ఆమె వచ్చాక డాక్టరు లోపలికి పిలుస్తాడు, పిలిచి ఒక్కటే అడుగుతాడు. ఆపరేషన్ చేయించుకుంటావా, చేయించుకుంటే నెలన్నర కాలు కింద పెట్టకుండా నిన్ను చూసుకునేదెవరు? ఎవరూ లేకుంటే చెయ్యనని ముందే చెప్పేశాడు. స్క్రూలు బిగించిన ఎముక అతుక్కోకముందే కాలు నేలకు ఆనిస్తే చేసిందంతా గంగలో కలిసినట్టేనట. మూత్రానికి లేవాలన్నా ఒకరు పట్టుకోవాలి, చంకకింద చెయ్యేసి ఎత్తాలి. ఎత్తే ఆ ఒకరు ఎవరయ్యా అంటే లోకంలో ఇంకెవ్వరూ లేనట్టు ఇదిగో ఈమె. ఆమె చేతుల్లో నా బరువు పెట్టాలి. ఆ చేతుల్లో ఏం పెడితే ఏమవుతుందో ఊరంతటికీ తెలుసు.

ఊరంతటికీ తెలుసని ఈ పొద్దుటిదాకా అనుకుంది. ఆ డాక్టరు రఘునందన్ అంతా కలగాపులగం చేసి పెట్టాడు. చూడ్డానికి తన కొడుకు గజేందర్ ఈడువాడు, నున్నగా గీసుకున్న గడ్డం, తెల్ల బూట్లు. తెల్ల బూట్లేసుకునే మగవాణ్ణి నమ్మొద్దని లసుమవ్వకు చూడగానే అనిపించింది. సరిగ్గా ఆ వేళకే మస్కట్ నుంచి గజేందర్ ఫోన్ చేశాడు. తల్లి కాలు గురించి అడగడానికి కొడుకు ఫోన్ చేస్తే, ఆ కాలి గురించి డాక్టరు చెప్పే మాట వినకుండా కోడలు ఫోను పట్టుకుని బయటికి పోయింది. ఈ ఇంటి తెలివి అట్లా ఏడ్చింది. రత్నవ్వ అసలు లోపలికే రాలేదు. కనుక విన్నది తానొక్కతే. డాక్టరు తన పాదాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు, సిగ్గుతో చచ్చింది. ఒక చేత్తో నడిమి పాదాన్ని బిగించి పట్టుకున్నాడు, రెండో చేత్తో బొటనవేలి వెనకాల ఎముకను పట్టుకుని పైకీ కిందికీ ఆడించాడు. లోపల ఏదో లటుక్కుమని కదిలింది. పార కామకు చీల వదులైతే ఇనుము అటూ ఇటూ ఆడుతుందే, అట్లా.

"చూడుర్రి, ఈ కీలు ఎంత ఆడుతున్నదో. గింత ఆడొద్దు."

"సంచి పడ్డది సార్. పసుపు సంచి. నా యారాలు ఏసింది."

"పడ్డదేమో గానమ్మా, ఎక్స్‌రేల ఎక్కడ ఇరిగిన గుర్తు లేదు. దెబ్బకచ్చింది కాదిది. పాదం నడుమ ఈ కీలు పుట్టుకతోనే వదులు. నడిచినప్పుడల్లా బరువు వడ్తే వెనకెముక రెండో కాలు దిక్కు జరుగుతది, జర తిరుగుతది గూడ. ముంగటున్న వేలును నరాలు అవతలికి గుంజుతయి. మీరు బొడిపె అంటున్నది కొత్తగ మొలిచింది గాదు, జరిగిన ఎముక కొస అది."

తాను ఊరుకుంటుందా? మరి అప్పటిదాకా బాగున్న కాలు సంచి పడ్డాకనే ఎందుకయింది అని అడిగింది. అప్పుడు ఆ తెల్ల బూట్లవాడు ఎడమకాలు కూడా పట్టుకున్నాడు. అదే పట్టు, అదే ఆడించడం, లోపల అదే లటుక్కు. ఈ కాలికి కూడా చిన్న బొడిపె లేచింది చూసుకున్నవా అమ్మా, దీని మీద ఎవరేసిండ్రు సంచి అన్నాడు. నవ్వలేదు. నవ్వి ఉంటే తిట్టిపోసేది. మీ అమ్మకు గానీ ఉండెనా ఇట్లా అనడిగాడు. లేదు అని ఠక్కున అనేసింది లసుమవ్వ. అన్న మరుక్షణం మెండోరలో పుట్టింటి అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చున్న తల్లి కళ్ల ముందుకు వచ్చింది. చేపల వాసన, ప్రాజెక్టు మీది గాలి, గట్టు మీద నడిచి నడిచి తెల్లబారిన పాదాలు, రెండు బొటనవేళ్లూ అలిగిన అక్కాచెల్లెళ్లలాగా ఒకదానికొకటి మొహం తిప్పుకుని. చిన్నప్పుడు ఆ బొడిపెల మీద తల పెట్టి పడుకునేది. అందరి తల్లులకూ కాళ్లు అట్లాగే ఉంటాయనుకునేది. ఆ సంగతి డాక్టరుకెందుకు చెప్పాలి, చెప్తే వాడికి ఇంకా బలం రాదూ?

సంచి పడింది. అది మాత్రం ఎవరు కాదన్నా పడింది. ఉమ్మడిలో ఉన్నప్పుడు, ఎండిన కొమ్ములకు మెరుగు పెట్టి సంచులు కుట్టిన రోజు. మగవాళ్లు ఎడ్లను నీళ్లకు తోలుకుపోయారు. బండి వెనక ఇద్దరే నిలబడి ఉన్నారు, చెరో చెవి పట్టుకుని సంచిని నడుము దాకా లేపారు. రత్నవ్వ వైపు చెవి జారింది. సంచి గిర్రున తిరిగి వచ్చి కుడిపాదం మీద కూర్చుంది. ఊపిరి ఆగిపోయింది. నొప్పి కంటే ముందు యారాలి మొహం కనిపించింది, సున్నం కొట్టినట్టు తెల్లగా. చెయ్యి జారిందక్కా, చెయ్యి జారింది అని వణికిపోయింది. ఆ రత్నవ్వ అప్పుడు పచ్చి బాలింత. రాముగాడు బండి నీడలో గోనెపట్టా మీద ఏడుస్తున్నాడు, పొద్దున్నుంచీ ఏడుస్తూనే ఉన్నాడు. పాలిచ్చి వస్తా అక్కా అని రెండుసార్లో మూడుసార్లో అడిగింది. ఈ బండి నిండినంక పో అంది లసుమవ్వ. ఏం తప్పన్నది? పని అన్నాక పని. తాను బాలింతగా ఉన్నప్పుడు అత్త తనకు పరుపులు పరిచిందా? పాలు కారి రవిక తడిసిపోతే ఆ తడితోనే పసుపు ఉడకబెట్టింది తాను. ఎవరైనా అయ్యో అన్నారా? ఆమెకు మాత్రం ఎందుకు అనాలి?

పసుపూ సున్నమూ కలిపి పట్టు వేస్తే వాపు తగ్గింది. మళ్లీ సంతనాటికి నడిచింది కూడా. అందరికీ అదే పెద్ద విచిత్రం, వాపు పోయింది గానీ వేలు వంగడం మొదలుపెట్టిందని. అంతకు ముందు వంగలేదని ఎవరు చూశారు? ఆడదాని కాళ్ల వంక ఎవరు చూస్తారు, తన కాళ్లు తానెప్పుడు చూసుకుంది? సంచి పడ్డాకనే కదా చూసుకోవడం మొదలుపెట్టింది. చూసిన ప్రతిసారీ కాస్త వంగినట్టే కనబడింది. కావాలని వేసింది అని మొదటిసారి ఎప్పుడు అందో గుర్తులేదు. అత్తతో అందా, మొగుడు భూమన్నతో అందా? ఉన్నమాట చెప్పాలంటే కావాలని వేసిందని తాను మాత్రం ఒక్కనాడూ నమ్మలేదు. ఆ తెల్లబోయిన మొహం తాను చూసింది. పసుపు దుమ్ముకు సంచి నున్నగా ఉండింది, అరచేతులు చెమటతో ఉండినాయి, ఎవరికైనా జారుతుంది. కానీ ఒకసారి అన్నాక మళ్లీ అనకుండా ఎట్లా ఉంటుంది? అనగా అనగా అది గట్టిపడింది. నమ్మకపోయినా కోపం మాత్రం నిజంగానే వచ్చేది, వచ్చింది పోయేది కాదు.

అన్నదమ్ములు వేరుపడేటప్పుడు కుల పెద్దల ముందర కూడా అదే మాట. సంఘం ఇంటి గద్దె మీద పెద్దలు కూర్చున్నారు. లసుమవ్వ చెప్పు విడిచి పాదం ముందుకు చాపింది. మాటలెందుకు, కాలే చెప్తుంది చూడుర్రి అంది. కళ్లద్దాల పెద్దమనిషి ఒకాయన వంగి మరీ చూశాడు. రత్నవ్వ తల ఎత్తలేదు. ఆమె మొగుడు నడిపయ్య, పెండ్లాం తరఫున ఒక్క మాటైనా మాట్లాడలేదు, ఆ మగాడి మొహానికి మీసాలొకటి. మరి తీర్పేమిటి? కల్లంలో ఆరబోసిన పసుపును కాళ్లతో తిరగేయాలి, పాదం ఎత్తకుండా ఈడుస్తూ చాళ్లు తీస్తూ నడవాలి, అట్లా నడిస్తేనే అడుగు తేమ పైకి వస్తుంది, ఒత్తిడంతా బొటనవేలి మీదే. పెద్దామె కాలు పోయింది కనుక పెద్దామె కల్లం కూడా ఇక ముందు చిన్నామె తిరగేయాలి. వేరుపడ్డా సరే, మాటలు లేకున్నా సరే. ఏర్గట్ల చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ అట్లాంటి తీర్పు ఎవరూ వినలేదు. ఎంత గొప్ప తీర్పని లసుమవ్వ ఆ రాత్రి కడుపునిండా తిని పడుకుంది.

ఆ తీర్పే కొంప ముంచింది. ఏటేటా పసుపు ఉడికిన మరునాడే రత్నవ్వ వస్తుంది, ఎవరూ పిలవకుండా, ఎవరితో పలకకుండా. చీర కుచ్చెళ్లు దోపుకుని ఆ కొస నుంచి ఈ కొసకు ఈడ్చుకుంటూ నడుస్తుంది. లసుమవ్వ చెట్టు కింద మంచమేసుకుని కూర్చుని ఆ మూల తడి ఉన్నది, ఈ మూల తిరగలేదు అని గాలికి చెప్పినట్టు చెప్తుంది. మాటకు మాట అనదు. కనీసం చుర్రున చూడదు. ఉడకబెట్టను ఆవిరి మిషన్లు వచ్చాయి, మెరుగు పెట్టను కరెంటు డ్రమ్ములు వచ్చాయి, తిరగేయను మాత్రం ఆ రెండు కాళ్లే. తీర్పు చెప్పిన పెద్దలు ఒక్కొక్కరే పోయారు. ఆపేయొచ్చు. అడిగేవాడు లేడు. ఆపలేదు. ఊళ్లో ఏమంటారు? రత్నవ్వ ఓపిక ఎవరికున్నది, రత్నవ్వ అసలు మనిషే కాదు దేవత అంటారు. పెండ్లిళ్లలో పిల్లను ఆమె చేత దీవింపజేస్తారు. లసుమవ్వ ఎదురైతే ఏమవ్వా కాలెట్లున్నది అంటారు, నవ్వు ఆపుకుంటూ. దెబ్బ తిన్నది తాను, పేరు తెచ్చుకున్నది ఆమె. భూమన్న కూడా పోయేముందు, నీళ్లు తాగుతూ, ఇగ రత్నవ్వను ఇడిచిపెట్టు అన్నాడు. ఆఖరికి ఆ నోట వచ్చింది కూడా ఆమె పేరే. దానికి ఇప్పటికీ కడుపు మండుతుంది.

టీవీలో ఎవరో చెవులు చిల్లులు పడేట్టు అరుస్తున్నారు. తగ్గించమని కాంపౌండర్‌కు చెప్తే రిమోట్ పనిచెయ్యదన్నాడు. బయట రోడ్డు మీద పసుపు ట్రాక్టర్లు నిజామాబాద్ దిక్కు పోతున్నాయి. తలుపు తెరుచుకున్నప్పుడల్లా స్పిరిట్ వాసనలోకి ఆ ఘాటు వచ్చి కలుస్తోంది. ఇంతకుముందు కూడా ఇట్లాంటి బెంచీ మీదనే కూర్చుంది, వేరే ఊళ్లో వేరే డాక్టరు దగ్గర. అతను బొడిపెను చెక్కేసి ఇంక రాదమ్మా అన్నాడు. రెండు పంటలు తిరక్కముందే మళ్లీ లేచింది, వేలు మునుపటికంటే ఎక్కువ వంగింది. రత్నవ్వ కళ్లు మంచివి కావని, అందుకే తిరగబెట్టిందని ఇంటింటికీ చెప్పి వచ్చింది అప్పుడు. ఈ తెల్ల బూట్లవాడేమో వెనక కీలును అట్లనే వదులుగా పెట్టి ముందర బొడిపె చెక్కితే ఏం లాభం, ఎముక మళ్లీ జరగదా అంటాడు. ఆ కీలు లోపల గీకి, ఎముకలు రెండింటినీ కలిపి రేకూ స్క్రూలూ బిగిస్తే ఒక్క ఎముకై కూర్చుంటుందట. అన్నీ అతను చెప్పినట్టే ఉన్నాయి. అబద్ధమైతే బాగుండు. తెల్ల బూట్లయినా సరే, చెప్తున్నంతసేపూ మొహంలో అబద్ధం లేదు.

అయితే ఇప్పుడేమిటి? రజని వినలేదు. ఈమె వినలేదు. డాక్టరు మళ్లీ ఆ మాట ఎత్తాల్సిన పని లేదు, ఎత్తితే ఏదో ఒకటి అడ్డం మాట్లాడి మళ్లించవచ్చు. తాను నోరు మూసుకుంటే సంచి సంచిగానే ఉంటుంది, తీర్పు తీర్పుగానే ఉంటుంది. నెలన్నర ఈమె చేసి తీరాలి. నీళ్లు కాగబెట్టాలి, ఎత్తాలి, పడుకోబెట్టాలి, ముడ్డి కడగాలి. దేవత కదా, కడగనీ. అన్నం మెత్తగైందని ఒకరోజు, ఉప్పు లేదని ఒకరోజు. మూడు జాములకూ పిలవొచ్చు, పిలిచి ఏమీ వద్దు పో అనొచ్చు. ఆ దృశ్యాలన్నీ ఒక్కొక్కటే ఊహించుకుంటుంటే లసుమవ్వకు కాలినొప్పి కూడా కాస్త తగ్గినట్టనిపించింది. చెప్పిందో, అయిపోయింది. ఊరంతా ఏమంటుంది? ఇన్నేండ్లు ఉత్తపుణ్యానికే చేయించుకుంది ముండ అంటుంది. రాముగాడు ట్రాక్టరు తెచ్చి ఇంటి ముందర పెట్టి లెక్క చెప్పమంటాడు. నడిచిన నడకకు లెక్కెవరు చెప్తారు? రజని చూసే చూపు ఒకటి ఉంటుంది, నోరు తెరవకుండా చూసే చూపు, అది చాలు చంపడానికి. చెప్పకూడదు. చచ్చినా చెప్పకూడదు. మనసులో ముడేసుకుని, కొంగుకు కూడా ఒక ముడేసుకుంది.

ఎదురు కుర్చీలోకి పక్కూరు పెర్కిట్ మనిషి ఒకామె వచ్చి కూర్చుంది, చేతికి కట్టు. కూర్చోగానే ఆమె కళ్లు లసుమవ్వ పాదం మీద పడ్డాయి. పడనీ, చూసేదే అది.

"అయ్యో, కాలుకేమైందవ్వా గట్లున్నది?"

లసుమవ్వ నోరు తెరిచేలోపలే పక్కనుంచి రత్నవ్వ అందుకుంది. తనతో ఆమె మాట్లాడి ఎన్నేండ్లయిందో, ఆ గొంతు ఇంత దగ్గర్నుంచి విని ఎన్నేండ్లయిందో. మెత్తగా, నిదానంగా, కొంచెం వణుకుతో, గుళ్లో చెప్పుకున్నట్టు.

"నా చేతిలకెల్లి సంచి జారి వడ్డదమ్మా. అగో, అప్పటి సంది గట్లనే ఉన్నది అక్క కాలు. నా పాపమే అది. నా పాణం ఉన్నన్ని రోజులు కడుక్కోవాలె."

పెర్కిట్ ఆమె మొహం కరిగిపోయింది. ఎంత మంచి మనసవ్వా నీది, ఇసుంటోళ్లు ఉంటరా ఈ కాలంల అని రత్నవ్వ మోకాలి మీద చెయ్యేసింది. లసుమవ్వ వంక అట్లా చూడను కూడా లేదు. కాలు తనది. నొప్పి తనది. చెప్పులోంచి తీసి బండ మీద పెట్టుకున్నది తాను. కానీ మంచి మనసు మాత్రం ఆమెది, దారినపోయే దానయ్యలు కూడా ముందు ఆమె మోకాలి మీదే చెయ్యేస్తారు. ఈ కాలు ఉన్నంతకాలం ఇట్లాగే వేస్తారు. నెలన్నర తన ముడ్డి కడిగితే ఇంకా వేస్తారు, ఊరేగిస్తారు. ఇన్నేండ్లుగా తాను కుంటుతూ మోసింది ఏమిటి? ఈమె పుణ్యాన్ని. తన బొడిపె మీద ఎక్కి నిలబడి ఈమె దేవత అయింది. ఆ ఆలోచన వచ్చేసరికి లసుమవ్వకు చెవుల్లో రక్తం కొట్టుకుంది. నీ పాపం నీకెక్కడిదే, నీకు పాపం కూడా లేదు, నువ్వేమీ చెయ్యలేదు, నువ్వు ఏమీ కావు. అది చెప్పకుండా ఇంక ఒక్క క్షణం ఉండలేకపోయింది. పెర్కిట్ ఆమెను కాంపౌండర్ కట్టు మార్చడానికి లోపలికి పిలిచేదాకా కూడా ఆగింది, ఎట్లా ఆగిందో ఆగింది. తలుపు మూసుకోగానే పక్కకు తిరిగింది.

"నీ సంచి గాదు."

రత్నవ్వ అర్థం కానట్టు చూసింది.

"సంచి వడి గాలేదు ఇది. డాక్టర్ చెప్పిండు. కీలు వదులట, పుట్టుకతోనే. ఎడమకాలు గూడ గట్లనే అయితున్నది, మా అవ్వకు గూడ ఉండె. నువ్వు ఏసినా ఏయకున్నా గిట్లనే అవుతుండె. ఇండ్ల నీదేం లేదు. పాపం లేదు, పుణ్యం లేదు. ఇగ పో ఇంటికి."

ఎంత హాయిగా ఉంది అనడం. ఇంకా రెండు మాటలు అనాలనిపించింది, నీ తిరగేసుడు కూడా ఉత్తదే, నీ ఓపిక కూడా ఉత్తదే అని. కానీ యారాలి మొహం చూసి ఆగింది. ఏడుస్తుందనుకుంది. లేకుంటే లేచి తిడుతుందనుకుంది, తిడితే తిట్టించుకోను సిద్ధంగానే ఉంది, ఇన్నేండ్ల తిట్లు ఒక్కసారే తిన్నా పరవాలేదు, కనీసం ఆ దేవత వేషం ఊడిపోతుంది. రత్నవ్వ ఏడవలేదు. తన పాదాల వంక చూసుకుంది, పసుపు పట్టిన ఆ చక్కటి వేళ్ల వంక. లోపల పెర్కిట్ ఆమె కట్టు విప్పుతుంటే అబ్బా అనడం వినిపించింది. టీవీలో అరిచేవాళ్లు అరుస్తూనే ఉన్నారు. రత్నవ్వ తల ఎత్తినప్పుడు ఆమె కళ్లలో లసుమవ్వ ఎన్నడూ చూడని మనిషి ఉంది. గొంతులో ఆ మెత్తదనం లేదు, వణుకు లేదు.

"డాక్టర్‌కేం ఎరుక? చెయ్యి జారలేదు నాది. నేనే ఇడిచిపెట్టిన."

"ఏందీ?"

"సంచి. నీ కాలు యాడున్నదో చూసి ఇడిచిపెట్టిన. ఇరుగుతదనుకున్న. ఇరుగలేదు."

ఎందుకని లసుమవ్వ అడగలేదు. ఎందుకో అడిగి తెలుసుకోవాల్సినంత తెలియని సంగతేం కాదది. ఊళ్లో, సంఘంలో, పెండ్లిళ్లలో, చావుల్లో, కావాలని వేసింది, కావాలని వేసింది అని నోరు నొప్పి పుట్టేదాకా అంది, అన్న ప్రతిసారీ అబద్ధమాడుతున్నానని లోపల తెలుసు. తెల్లబోయిన ఆ మొహం భయపడ్డదని ఎన్నేండ్లు నమ్మింది. భయం కాదది. తాను ఆడిన అబద్ధమే నిజమట, తాను నమ్మిన నిజమే అబద్ధమట. కాలు మాత్రం దేనికీ సంబంధం లేకుండా తన దారిన తాను వంగింది. తరవాత మెల్లగా, కడుపులోంచి, మంట లేచింది. ఎంత అసలైన మంట అది. ఇన్నాళ్లూ పడ్డ కోపమంతా దాని ముందు ఉత్త పొగ. ముండ, లంజ, బాలింతవని కూడా చూడకుండా ఆ రోజే నిన్ను బండి చక్రం కింద తొయ్యాల్సింది అనుకుంది. అట్లా ఆమె మొహంలోకే చూస్తూ కూర్చుంది. రత్నవ్వ కూడా చూపు దించలేదు. దేవత ఎక్కడా లేదు. తనంత మనిషే, తనలాంటి మనిషే, బెంచీ మీద పక్కన కూర్చుని ఉంది. ఎందుకో తెలియదు గానీ లసుమవ్వ కొంగు ఇవతలికి లాక్కోవడం మరిచిపోయింది.

"మరి ఊకె ఎందుకు చేసినవే, గా కల్లం? ఇరుగలేదని ఎరుకైనంక?"

"నీ కుంటుడు చూస్తందుకు," అంది రత్నవ్వ. "ఏటేటా దగ్గరికెల్లి చూస్తందుకు."

రజని రిపోర్టు కవరు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది, చెమటలు తుడుచుకుంటూ. ఇద్దరూ మాట్లాడుకుంటుండడం చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది, మొహం వెలిగిపోయింది. మంచిగైంది అత్తమ్మా, ఇన్నొద్దులకు కలిసిండ్రు అంది. పిచ్చిమొహంది. కాంపౌండర్ తలుపు తీసి లసుమవ్వా అని పిలిచాడు, వెనకనుంచి డాక్టరు గొంతు వినిపించింది.

"ఏమమ్మా, సోచాయించుకున్నరా? ఎవరుంటరు నెలన్నర?"

రజని నోరు తెరిచేలోపల లసుమవ్వ చెప్పింది.

"గీమె ఉంటది."

రత్నవ్వ లేచి చెయ్యి చాపింది. లసుమవ్వ ఆ చేతి వంక చూసింది. పని చేసి మొద్దుబారిన అరచెయ్యి, గోళ్లలో పసుపు. ఆ చేతిని పట్టుకుని, అవసరమైన దానికంటే ఎక్కువగా, తన ఒంటి బరువంతా దాని మీద వేసింది. రత్నవ్వ భుజం కుంగింది. తలుపు దాకా ఎంతో దూరం లేదు. చెయ్యి ఎక్కడ విడుస్తుందా అని అడుగడుక్కూ చూసుకుంటూ లసుమవ్వ లోపలికి నడిచింది.